సుగంధిపాల బస్తాల్లో మారేడు గడ్డ: ఒక డీఎన్‌ఏ గుర్తింపు కేసు

రెండు వేసవుల కిందట ఒక మధ్యాహ్నం మా ల్యాబ్ అంతా నన్నారి షర్బత్ బండి పెట్టినట్టు ఘుమఘుమలాడింది. మూలికా ఉత్పత్తులు తయారుచేసే ఒక చిన్న కంపెనీ నుంచి పదకొండు శాంపిళ్ళు వచ్చాయి. అన్నింటి మీదా ఒకే పేరు ఉంది: సుగంధిపాల వేరు, హెమిడెస్మస్ ఇండికస్. వాటిలో మూడు ఎండిన వేళ్ళు, రెండు తరిగిన ముక్కలు, నాలుగు పొడులు, ఒకటి షర్బత్ సీసా, ఇంకొకటి క్యాప్సూల్ డబ్బా. తోడొచ్చిన కాగితంలో రెండే వాక్యాలు: "గుర్తింపు పరీక్ష చేయగలరు. డీఎన్‌ఏ రిపోర్టు కావాలి."

ఎందుకని ఫోన్ చేసి అడిగాను. అమెరికాలో వాళ్ళ సరుకు కొనే పార్టీ గుర్తింపు కాగితాలు అడుగుతోందట. 2007లో అక్కడ వచ్చిన తయారీ నిబంధనల ప్రకారం సప్లిమెంట్లలో వేసే ప్రతి ముఖ్య పదార్థానికీ కనీసం ఒక గుర్తింపు పరీక్ష జరగాలి. అది డీఎన్‌ఏ పరీక్షే కావాలని ఆ నిబంధన అనదు. మైక్రోస్కోపు కావచ్చు, పదార్థాల్ని ప్లేటు మీద చుక్కలుగా విడదీసి చూసే టీఎల్‌సీ కావచ్చు, ఆ పదార్థానికి సరిపోయేది ఏదైనా చాలు. కంపెనీ అప్పటిదాకా టీఎల్‌సీ చేస్తూనే ఉంది, అన్ని లాట్లూ పాసవుతూనే ఉన్నాయి. అయితే కొత్తగా చేరిన క్వాలిటీ మేనేజర్ ఒక రోజు రెండు లాట్ల పొడులు పక్కపక్కన తెల్ల కాగితం మీద పోసి చూశాడట. ఒకటి ఇటుక రంగు, రెండోది గోధుమపిండికి కాస్త దగ్గర. వాసన మాత్రం రెండింటిదీ ఒకటే.

"మేడమ్, పాసైన సరుకుని మళ్ళీ పరీక్షకి పంపుతున్నానని మా ఓనర్ గారు కోపంగా ఉన్నారు. ఏదో ఒకటి తేల్చండి" అన్నాడు.

అతను చేసింది సరైన పని. ఈ కేసులో అన్నిటికంటే చవకైన పరీక్ష ఆ తెల్ల కాగితమే.

ఒకే వాసన, రెండు తీగలు

సుగంధిపాల చేలగట్ల మీద, కంచెల్లో, రాళ్ళ సందుల్లో పాకే సన్నటి తీగ. ఆకు నడుమ తెల్లటి చార ఉంటుంది. వేరు చాలావరకు పెన్సిలంత లావుకి మించదు. పైన ముదురు రంగు బెరడు అడ్డంగా పగుళ్ళిచ్చి, లోపలి కట్టెని వదిలి ఊడొస్తుంటుంది. దీన్ని తవ్వడం ఓపికున్నవాళ్ళ పని. పూటంతా కూర్చుని తవ్వినా సంచి నిండదు.

మారేడు గడ్డ ఇంకో మొక్క, డెకాలెపిస్ హామిల్టోనై. నల్లమల, శేషాచలం లాంటి రాతి కొండల్లో పెరిగే తీగ. దీని వేళ్ళు కండపట్టి బొటనవేలంత లావున, ముదిరితే అంతకు మించి ఉంటాయి. గిల్లితే పాలు కారతాయి. మారేడు కొమ్ములు, నన్నారి కొమ్ములు, బర్రె సుగంధి, ఇలా ఊరికో పేరు. రాయలసీమలో షర్బత్ కోసం అమ్మే నన్నారి చాలాచోట్ల ఇదే. తమిళులు దీన్ని మాగాళి కిళంగు అంటారు, ఊరగాయ పెట్టుకుంటారు.

పేరుతో ఇంకో తిరకాసు కూడా ఉంది. మారేడు అనగానే మనకి గుర్తొచ్చేది శివుడికి పత్రి వేసే బిల్వం. దానికీ ఈ గడ్డకీ ఏ చుట్టరికమూ లేదు. కానీ బిల్వం వేరు దశమూలాల్లో ఒకటి. కొనుగోలు రిజిస్టర్లో ఎవరైనా "మారేడు వేరు" అని రాస్తే అది ఏ వేరో రాసినవాడికే తెలియాలి. ఈ కంపెనీ రిజిస్టర్లో అలాంటి పద్దు నిజంగానే ఒకటి కనిపించింది. అదృష్టం కొద్దీ ఆ సరుకు ఇంకా గోదాములోనే ఉంది, విప్పి చూస్తే గడ్డే.

సుగంధిపాల, మారేడు గడ్డ ఒకే వృక్ష కుటుంబానికి చెందినవి. పాతరోజుల్లో జిల్లేడుతో కలిపి లెక్కించేవాళ్ళు, ఇప్పుడు గన్నేరు కుటుంబంలో కలిపేశారు. రెండింటికీ ఆ వాసన వచ్చేది ఒకే పదార్థం వల్ల. పేరు కాస్త పొడుగు: 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీ బెంజాల్డిహైడ్. వెనిల్లా వాసననిచ్చే వెనిలిన్‌కి ఇది ఐసోమర్, అంటే అవే పరమాణువులు కాస్త చోటు మార్చుకుని కూర్చున్నాయన్నమాట. కంపెనీ కెమిస్టు టీఎల్‌సీ ప్లేటు మీద చూస్తున్నది ఈ ఒక్క చుక్కనే. మారేడు గడ్డలోనూ ఆ చుక్క ఉంటుంది, నిక్షేపంగా ఉంటుంది. ప్లేటు అబద్ధం చెప్పలేదు. వీళ్ళడిగిన ప్రశ్న "వాసన పదార్థం ఉందా" అని. "ఇది ఏ మొక్క" అని ఎవరూ అడగలేదు.

ముందు కళ్ళు, తరవాత యంత్రం

డీఎన్‌ఏ అడిగినా సరే, మేం ఏ శాంపిల్నైనా ముందు బల్ల మీద పోసి చూస్తాం. వేళ్ళుగా వచ్చిన మూడూ చూడగానే సుగంధిపాలే. తరిగిన ముక్కల్లో ఒక లాట్ సన్నగా, బెరడుతో ఉంది. రెండోది చెక్కు తీసేసిన పాలిపోయిన ముక్కలు, కొన్ని వేలి మందాన ఉన్నాయి. అక్కడే సగం కేసు తేలిపోయింది.

పొడుల దగ్గర కళ్ళు చేతులెత్తేశాయి. మా మైక్రోస్కోపిస్టు రెండు రోజులు కూర్చుంది. పిండి రేణువులు, కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు, బెరడు కణాల తునకలు కనిపిస్తున్నాయి. కానీ పొడి మరీ మెత్తగా కొట్టారు. "వేరు పొడి అని రాసిస్తాను. ఏ వేరో సంతకం పెట్టి చెప్పలేను" అంది. ఆ మాట అనగలిగిన మైక్రోస్కోపిస్టు దొరకడం ల్యాబ్ అదృష్టం.

డీఎన్‌ఏ పని మొదలుపెట్టే ముందు పోల్చుకోవడానికి నమ్మకమైన మొక్కలు కావాలి. డీఎన్‌ఏ సీక్వెన్సులు, అంటే డీఎన్‌ఏ అక్షరాల వరసలు, దాచే జెన్‌బ్యాంక్ అనే డేటాబేసు పెద్ద ధర్మసత్రం లాంటిది. ఎవరైనా వచ్చి సీక్వెన్సు పెట్టి వెళ్ళొచ్చు, పేరు సరైనదేనా అని గుమ్మం దగ్గర నిలదీసేవాళ్ళు పెద్దగా ఉండరు. ఒక జాతి సీక్వెన్సు అందులో లేకపోతే పక్కింటి జాతిని 98 శాతం పోలికతో చూపించి ఊరుకుంటుంది. తెలియనివాడు 98 అంటే డిస్టింక్షన్ అనుకుంటాడు. అందుకే పూతతో ఉన్న సుగంధిపాల తీగని మా ఊరి పొలంగట్టు మీంచి నేనే తెచ్చాను. మారేడు గడ్డ మొక్క ఒక నర్సరీ నుంచి వచ్చింది. రెండింటినీ వృక్షశాస్త్రం మేష్టారు ఒకరు చూసి నిర్ధారించాక హెర్బేరియం షీట్ల మీద అంటించి నంబర్లు వేశాం. ఈ పనికి ఎవరూ బిల్లు కట్టరు. ఇది లేకుండా ఇచ్చిన రిపోర్టుకి మాత్రం నేను విలువ ఇవ్వను.

బెల్లం పాకం లాంటి డీఎన్‌ఏ

ఆకు నుంచి డీఎన్‌ఏ తీయడం కాలేజీ పిల్లలు కూడా చేస్తారు. ఎండిన వేరు అలా లొంగదు. అందులో పిండి, జిగురు, పాలు, ఫీనాల్ పదార్థాలు అన్నీ ఉంటాయి. మొదటిసారి మామూలు కిట్‌తో చేస్తే ట్యూబు అడుగున బెల్లం పాకం లాంటి ముద్ద మిగిలింది. పిపెట్‌తో లాగితే తీగలు సాగింది. డీఎన్‌ఏ ఎంత శుభ్రంగా ఉందో చెప్పే 260, 280 రీడింగుల నిష్పత్తి 1.8 దగ్గర ఉండాల్సింది 1.4 కూడా లేదు. డీఎన్‌ఏ ముక్కకి నకళ్ళు తీసి పెంచే పీసీఆర్‌లో పెడితే, ఆ నకళ్ళు బ్యాండ్‌గా, అంటే గీతగా, కనిపించాల్సిన జెల్ మీద ఏమీ రాలేదు.

రెండోసారి పద్ధతి మార్చాం. 100 మిల్లీగ్రాముల పొడిని ముందు సార్బిటాల్ ద్రావణంతో రెండుసార్లు కడిగి జిగురు వదిలించాం. తరవాత పీవీపీ, మెర్‌క్యాప్టోఇథనాల్ కలిపిన సీటాబ్ ద్రావణంలో 65 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాం. మెర్‌క్యాప్టోఇథనాల్ కుళ్ళిన గుడ్డు కంపు, పైన నన్నారి పరిమళం. ఆ రెండూ కలిసిన వాసన ఎలా ఉంటుందో రాయడం నా వల్ల కాదు. క్లోరోఫాంతో రెండుసార్లు కడిగాక ముద్ద లేత గోధుమ రంగుకి దిగింది. అప్పుడు కూడా నేరుగా పెడితే పీసీఆర్ మొరాయించింది. అదే డీఎన్‌ఏని పది వంతులు, యాభై వంతులు నీళ్ళు కలిపి పల్చన చేసి పెడితే బ్యాండ్లు వచ్చాయి. డీఎన్‌ఏ తగ్గిస్తే ఫలితం రావడమేంటని కొత్తవాళ్ళు తెల్లబోతారు. డీఎన్‌ఏతో పాటు ఎంజైముని అడ్డుకునే మలినాలు కూడా పల్చబడతాయి, అదీ కిటుకు.

జాతిని గుర్తుపట్టడానికి చదివే చిన్న డీఎన్‌ఏ భాగాల్ని బార్‌కోడ్లు అంటారు. మొక్కలకి రెండు ప్రామాణిక బార్‌కోడ్లుగా 2009లో అంతర్జాతీయ బృందం ఎంచుకున్నవి ఆర్‌బీసీఎల్, మ్యాట్‌కే. రెండూ క్లోరోప్లాస్టులోవి. ఎండి, నలిగి, గోదాములో పడున్న వేళ్ళలో అంత పొడుగు ముక్కలు చెక్కుచెదరకుండా దొరకడం కష్టం. మ్యాట్‌కే మాకు మూడు శాంపిళ్ళలోనే పలికింది. అందుకే ఐటీఎస్2 మీద ఎక్కువ ఆధారపడ్డాం. ఇది కేంద్రకంలోది, రైబోసోమ్ జన్యువుల మధ్య ఉండే చిన్న భాగం, రెండు వందల పైచిలుకు అక్షరాలు. ఒక్కో కణంలో దీని నకళ్ళు బోలెడు ఉంటాయి కాబట్టి డీఎన్‌ఏ చితికిపోయినా ఎక్కడో ఒక నకలు దొరుకుతుంది. దగ్గరి చుట్టాల మధ్య తేడాలు కూడా ఇందులో ఎక్కువ. మందు మొక్కలకి దీన్ని బార్‌కోడ్‌గా 2010లో ప్రతిపాదించింది చైనా శాస్త్రవేత్తలు.

ఐటీఎస్2తో ఒక చిక్కుంది, మాకూ తగిలింది. నాలుగో పొడి లాట్‌కి చక్కటి, దట్టమైన బ్యాండ్ వచ్చింది. సంబరంగా సీక్వెన్సింగ్‌కి పంపాం. వచ్చిన జవాబు సుగంధిపాల కాదు, మారేడు గడ్డ కాదు, ఆస్పర్‌జిల్లస్. బూజు! ఆ బస్తా ఎప్పుడో తడిసింది. మనం వాడే ప్రైమర్లు, అంటే నకలు ఎక్కడ మొదలవ్వాలో చూపే పొట్టి డీఎన్‌ఏ ముక్కలు, మొక్కకీ శిలీంధ్రానికీ రెండింటికీ అతుక్కునే రకమైతే, చచ్చిపోయిన వేరు కంటే బతికున్న బూజే ముందు పలుకుతుంది. ప్రైమర్లు మార్చి మళ్ళీ చేశాం. మారేడు గడ్డ అని తేలింది. బూజు సంగతి వేరే పేరాలో రిపోర్టు చేశాం. అది మైక్రోబయాలజీ వాళ్ళు చూడాల్సిన లాట్.

ఇంకొక తప్పు మాదే. ఒక బ్యాచ్‌లో, సరిచూసుకోవడానికి నమూనా వెయ్యకుండా పెట్టే ఖాళీ ట్యూబులో కూడా సన్నటి బ్యాండ్ కనిపించింది. పొడి కొంచెమే, గాలికి ఎగిరేది, అదే బల్ల మీద మొక్కల షీట్లు కూడా విప్పాం. ఆ బ్యాచ్ ఫలితాలన్నీ కొట్టేసి, బల్ల బ్లీచ్‌తో తుడిచి, పొడులకీ మొక్కలకీ వేరువేరు గదులు కేటాయించి మొదటి నుంచి చేశాం. పది రోజులు పోయాయి. క్లయింటుకి కారణం ఉన్నదున్నట్టు చెప్పాం.

ఏం తేలింది

వేళ్ళుగా వచ్చిన మూడు లాట్లూ సుగంధిపాలే. తరిగిన ముక్కల్లో బెరడున్నది సుగంధిపాల, పాలిపోయినది మారేడు గడ్డ. పొడుల్లో మొదటిది సుగంధిపాల, రెండోదీ నాలుగోదీ మారేడు గడ్డ. మూడో పొడి మాకు నెల రోజులు పని పెట్టింది.

మూడో పొడి సీక్వెన్సు గ్రాఫు తెరిస్తే కొంతదూరం బాగానే నడిచి, తరవాత ఒక్కో చోట రెండేసి శిఖరాలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ఇద్దరు ఒకేసారి మాట్లాడుతుంటే వినపడే గోల అది. రెండు సీక్వెన్సుల్నీ పక్కన పెట్టుకుని చూస్తే, జంట శిఖరాలున్న చోట్లు ఆ రెండు మొక్కలకీ తేడా ఉన్న చోట్లే. అంటే మిశ్రమం. అప్పుడు ఒక్కో మొక్కకే అతుక్కునే ప్రైమర్ల జతలు రెండు తయారుచేశాం. నమ్మదగిన పొడుల్ని మేమే తూచి కలిపి, సగం సగం, పదో వంతు, నూరో వంతు మిశ్రమాల మీద పరీక్షించాం. నూరో వంతు కలిపినా మారేడు గడ్డ బ్యాండ్ కనిపించింది.

అది మంచి వార్తా కాదు, చెడ్డ వార్తా కాదు. అంత చురుకైన పరీక్ష చేతిలో ఉంటే గిర్నీలో మిగిలిన దుమ్ము కూడా కల్తీలా కనిపిస్తుంది. అందుకే పొడి కొట్టే గిర్నీకి వెళ్ళాను. ఊరి చివర రేకుల షెడ్డు, ఒకే పల్వరైజర్. అందులోనే శొంఠి, అందులోనే కరక్కాయ, అందులోనే నన్నారి. జల్లెడ విప్పమంటే కుర్రాడు విప్పాడు. మూల మూలల్లో వేలి మందాన పాత పొడి పేరుకుని ఉంది. "మధ్యమధ్యలో ఊక వేసి తిప్పుతాం మేడమ్, శుభ్రమైపోతుంది" అన్నాడు. మైక్రోస్కోపు కింద పొడిలో ఊక ముక్కలు కూడా కనిపించాయి, దానికి కారణం అప్పుడు అర్థమైంది.

దుమ్ము వల్లే అయితే పాళ్ళు చిన్నగా ఉండాలి. నకళ్ళు పెరుగుతుండగానే కొలిచే రియల్‌టైమ్ పీసీఆర్‌లో మూడో పొడి మేం చేసిన పదో వంతు మిశ్రమం కంటే బలంగా పలికింది. కాబట్టి గిర్నీ దుమ్ముకి మించి ఉందని మా నిర్ణయం. కానీ "ఇన్ని శాతం కల్తీ" అని రాయమంటే ఒప్పుకోలేదు. ఒక గ్రాము లేత వేరులో ఉండే డీఎన్‌ఏ వేరు, ఒక గ్రాము ముదురు గడ్డలో ఉండేది వేరు. ఎండబెట్టిన తీరుని బట్టి కూడా మారుతుంది. డీఎన్‌ఏ పాళ్ళని బరువు పాళ్ళుగా రాసిన రిపోర్టు చూస్తే నాకు ఆ ల్యాబ్ మీదే అనుమానం వస్తుంది.

షర్బత్, క్యాప్సూల్

షర్బత్‌లో ఏ ప్రైమరుకీ ఏమీ రాలేదు. వేరుని నీళ్ళలో మరిగించి, వడగట్టి, పంచదార పాకం పట్టాక అందులో చదవదగ్గ డీఎన్‌ఏ ఉంటుందని నేను ఆశించలేదు. క్యాప్సూల్‌లో ఉన్నది కషాయాన్ని ఎండబెట్టి చేసిన సారం. మామూలు బార్‌కోడ్లు పలకలేదు. చితికిపోయిన డీఎన్‌ఏ కోసం వాడే ట్రెనెల్ అనే పొట్టి భాగంతో ప్రయత్నిస్తే ఒక బ్యాండ్ వచ్చింది, చదివితే గడ్డి కుటుంబం. వరి, జొన్న, మొక్కజొన్న అన్నీ ఆ కుటుంబమే. పొడి గడ్డకట్టకుండా బియ్యప్పిండి కలుపుతామని కంపెనీ వాళ్ళే చెప్పారు, లేబుల్ మీద కూడా ఉంది.

ఓనర్ గారు ఇక్కడే పట్టుబట్టారు. "క్యాప్సూల్‌కి ఫెయిల్ అని రాస్తారా, పాస్ అని రాస్తారా?" రెండూ రాయలేదు. "ఈ పరీక్ష ఈ నమూనాకి తగదు" అని రాశాం. 2015 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ నాలుగు పెద్ద రిటైల్ సంస్థలకి అమ్మకాలు ఆపమని నోటీసులిచ్చిన సంగతి ఆయనకి చెప్పాను. వాళ్ళ సొంత బ్రాండు మూలికా ఉత్పత్తుల మీద చేయించిన డీఎన్‌ఏ పరీక్షల్లో లేబుల్ మీదున్న మొక్క దొరికింది 21 శాతం పరీక్షల్లోనే. వరి లాంటివి మాత్రం దొరికాయి. ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. కానీ ఆ ఉత్పత్తుల్లో చాలా వరకు సారాలు. సారంలో డీఎన్‌ఏ లేకపోవడం మొక్క లేదనడానికి సాక్ష్యం కాదని రసాయన శాస్త్రవేత్తలు వెంటనే అడ్డు తగిలారు. ఆ నాలుగింట్లో ఒక సంస్థ మార్చి నెలలో రాజీ కుదుర్చుకుంది. ఏమని? సారం తీయకముందు, ముడి మొక్క దశలోనే డీఎన్‌ఏ పరీక్ష చేస్తామని. ఈ రంగంలో ఉన్నవాళ్ళు మొదట అడగాల్సిన ప్రశ్న, ఏ దశలో పరీక్ష అన్నది, అక్కడ చివర్న వచ్చింది. మందుల ప్రమాణాల గ్రంథమైన బ్రిటిష్ ఫార్మకోపియా డీఎన్‌ఏ గుర్తింపు పద్ధతిని చేర్చుకున్నప్పుడు మొదట ఎంచుకున్నది కూడా మన తులసి ఆకు. ఆకు ఆకుగా ఉన్నప్పుడు చేసే పరీక్ష అది.

ఆయన రెండో ప్రశ్న ఇంకా సూటిగా ఉంది. "వాసన అదే, రుచి అదే. జనం తరతరాలుగా తాగుతున్నారు. ఇంతకీ నష్టం ఏంటమ్మా?"

న్యాయమైన ప్రశ్నే. మారేడు గడ్డ విషం కాదు. నేనూ చిన్నప్పటి నుంచి తాగుతున్నాను. కానీ ఆయన అమ్ముతున్నది షర్బత్ ఒక్కటే కాదు, సారిబాద్యాసవం కూడా. సారిబ అంటే ఆయుర్వేదంలో సుగంధిపాల పేరు. అందులో పడాల్సిన సారిబ ఏ మొక్కో ఆయుర్వేద ఫార్మకోపియా రాసిపెట్టింది. పైగా ఒక పేరు కింద రెండు మొక్కలు తిరిగితే ఏమవుతుందో బెల్జియం చూసింది. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి ఇచ్చిన చైనా మూలికల మందులో స్టెఫానియా అనే మొక్క పడాల్సిన చోట కిడ్నీలని పాడుచేసే అరిస్టలోకియా అనే మొక్క పడింది. చైనా భాషలో రెండింటి పేర్లలోనూ "ఫాంగ్‌జీ" ఉంది. నూరుమందికి పైగా స్త్రీల కిడ్నీలు పాడయ్యాయి, చాలామందికి మార్పిడి దాకా వెళ్ళింది. 1993లో వైద్య పత్రికల్లోకి ఎక్కింది. అక్కడ కూడా కావాలని ఎవరూ విషం కలపలేదు, పేరు దగ్గర పొరపడ్డారు. మన నన్నారికి ఆ ప్రమాదం లేదు. ప్రమాదం వచ్చే దారి మాత్రం అదే.

ఇంకో మాట కూడా చెప్పాను, అది మా వ్యాపారానికి మంచిది కాదు. డీఎన్‌ఏ పరీక్ష మొక్క పేరు చెబుతుంది, మొక్కలో ఏ భాగమో చెప్పలేదు. వేరులోనూ ఆకులోనూ ఉండేది ఒకే డీఎన్‌ఏ. 2021లో ఆయుష్ మంత్రిత్వ శాఖ అశ్వగంధ ఆకులు వాడొద్దని తయారీదారులకి సూచించింది. అశ్వగంధ వేరు పొడిలో ఆకు కలిపితే నా యంత్రం హాయిగా "అశ్వగంధ" అని పాస్ చేస్తుంది. దాన్ని పట్టుకోవాల్సింది మైక్రోస్కోపూ రసాయన పరీక్షా. పురుగుమందు, సీసం, ఏడాదిగా గోదాములో మగ్గిన వేరులో మిగిలిన సత్తువ, ఇవేవీ డీఎన్‌ఏకి పట్టవు.

తప్పు ఎక్కడ జరిగింది

మారేడు గడ్డ లాట్లు రెండు చోట్ల నుంచి వచ్చాయి. ఒకటి పొడి అమ్మే మధ్యవర్తి. మిశ్రమం లాట్ అతనిదే. ఎన్నిసార్లు ఫోన్ చేసినా "చూసి చెప్తా సార్" తప్ప జవాబు లేదు, కంపెనీ అతని దగ్గర కొనడం ఆపేసింది. రెండో చోటు రాయలసీమలో ముక్కలు అమ్మే ఒక పెద్దాయన. క్వాలిటీ మేనేజరూ నేనూ ఆయన దగ్గరికి వెళ్ళాం. వసారాలో గోనెల మీద గడ్డలు ఆరబోసి ఉన్నాయి. రిపోర్టు చూపించి విషయం చెబితే ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"నేను మోసం చేసినానంటావా అమ్మా? మీవోళ్ళు చీటీ మీద ఏం రాసినారో చూడు" అని ట్రంకుపెట్టెలోంచి ఆర్డరు కాయితం తెచ్చి ఇచ్చాడు. తెలుగులో ఉంది: "నన్నారి వేరు, చెక్కు తీసినది, 200 కిలోలు." ఎక్కడా సుగంధిపాల అని లేదు. హెమిడెస్మస్ అన్న మాట కంపెనీ ఆఫీసు ఫైల్లో ఉంది, ఈయన చీటీలో లేదు. "నన్నారి అంటే మా తావ ఇదే. మా తాత కాలం నుంచీ కొండమీదోళ్ళు ఇదే తవ్వి తెచ్చేది. నువ్వు చెప్పే ఆ సన్నతీగ వేరు కావాలంటే అట్లని అడగల్ల. అది తవ్వను కూలి గిట్టదు, రేటు వేరే."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మేనేజర్ తల దించుకున్నాడు. ఆ చీటీ రాసింది అతని కంటే ముందున్నతను, కానీ సంతకం కంపెనీదే.

అక్కడ ఆరబోసిన గడ్డల్లో చాలావాటికి మొదలు కూడా ఉంది. గడ్డ కోసం తీగని మొదలంటా పెకలిస్తే అక్కడ మళ్ళీ మొలిచేది ఉండదు. నాలుగైదేళ్ళ కిందట దగ్గర్లోనే దొరికేదని, ఇప్పుడు కొండ మీద ఇంకా లోపలికి పోవాల్సి వస్తోందని ఆయనే అన్నాడు. సుగంధిపాల అనే పేరు కింద మారేడు గడ్డ ఎంత తరలిపోతోందో ఏ లెక్కలోకీ రాదు. వాడకం ఒక మొక్క ఖాతాలో పడుతుంది, నరుకుడు ఇంకో మొక్కకి.

కంపెనీ ఆ తరవాత పొడి కొనడం పూర్తిగా మానేసింది. వేరుగా గానీ, బెరడున్న ముక్కగా గానీ వస్తేనే గేటు లోపలికి. ఆర్డరు చీటీలో శాస్త్రీయ నామం, సరుకిచ్చే ఊరి పేరు, వేరు ఫొటో మూడూ ఉంటున్నాయి. కొత్త సరఫరాదారు మొదటి మూడు లాట్లకీ, తరవాత అప్పుడప్పుడూ డీఎన్‌ఏ పరీక్ష. మధ్యలో కళ్ళు, మైక్రోస్కోపు, టీఎల్‌సీ. ప్రతి లాట్‌కీ డీఎన్‌ఏ చేయిద్దామని ఓనర్ గారు ఉత్సాహపడ్డారు, వద్దన్నది నేనే. పొడి కొట్టుకునేందుకు సొంత గిర్నీ పెట్టుకోమన్నాను, ఆ డబ్బు అక్కడ ఎక్కువ పనికొస్తుంది. పెట్టుకున్నారు. ఉన్న మారేడు గడ్డ సరుకుని ఆసవం తయారీ నుంచి తప్పించారు.

వానలు తగ్గాక పెద్దాయన దగ్గర నుంచి రెండు గుడ్డ సంచులు వచ్చాయి. ఒకదాని మీద పెన్నుతో "సన్న నన్నారి", రెండోదాని మీద "లావు నన్నారి". లోపల చీటీ: "ఏది గావాల్నో ఫోన్ చెయ్యండి." రెండింటికీ పరీక్ష చేశాం. సన్నది సుగంధిపాల, లావుది మారేడు గడ్డ, హెర్బేరియం షీట్లతో చక్కగా కలిశాయి. సన్న సంచిలోంచి మాత్రం మా టెక్నీషియన్ ఒక ముక్క తీసి పక్కన పెట్టింది. చూడ్డానికి అచ్చం మిగతావాటిలాగే ఉంది. "మేడమ్, దీనికి వాసన లేదు" అంది. విరిచి చూశాను, నిజంగానే లేదు. సీక్వెన్సు వచ్చింది: ఇక్నోకార్పస్, నల్లతీగ. కొన్నిచోట్ల నల్ల సారిబ పేరుతో వాడేది అదే. ముక్కని కవర్లో వేసి, ఫైలుకి మూడో పేరు రాసి, పెద్దాయనకి ఫోన్ చేశాను.